కొద్ది రోజుల పచ్చదనం: ఎడిత్ చెకర్‌స్పాట్ సీతాకోకచిలుకపై ఒక కేస్ స్టడీ

ఎడిత్ చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలో, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మొదలుకొని కెనడా దక్షిణ ప్రాంతం దాకా, చెదురుమదురుగా కనిపిస్తుంది. రెక్కలు పూర్తిగా విప్పినా నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. నలుపు, ఇటుక ఎరుపు, మీగడ రంగు గళ్లు రెక్కల నిండా పరుచుకుని ఉంటాయి. పంటలకు దీనివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. అయినా వాతావరణ మార్పునూ జీవవైవిధ్య సంరక్షణనూ కలిపి ఆలోచించవలసి వచ్చిన ప్రతిసారీ నేను మొదట తెరిచే కేసు ఇదే. ఆవాస నిర్వహణ ప్రణాళికలు రాయడం, ఇతరులు రాసినవాటిని సమీక్షించడం నా వృత్తి. ఆ పనిలో ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు అన్నీ ఈ ఒక్క జాతి చరిత్రలో ఏదో ఒక చోట తలెత్తాయి, కొన్నింటికి సమాధానాలు కూడా దొరికాయి.

దీన్ని ఎంచుకోవడానికి మరో కారణం సమాచారపు లోతు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఎర్లిక్ 1960లో ఈ సీతాకోకచిలుకలను గుర్తుపెట్టి వదిలి, మళ్లీ పట్టుకుని లెక్కించే పనిని మొదలుపెట్టాడు. ఆయన తరవాత మైకేల్ సింగర్, స్టువర్ట్ వైస్, డెన్నిస్ మర్ఫీ, కమీల్ పార్మెసాన్ వంటి జీవావరణ శాస్త్రవేత్తలు ఒకరి లెక్కలపై మరొకరు నిలబడి పని చేశారు. ఒక కీటకం గురించి ఇన్ని దశాబ్దాలపాటు తెగకుండా సాగిన క్షేత్ర పరిశీలన చాలా అరుదు. ఆ పరిశీలన అంతటినీ చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: వాతావరణం ఈ జాతి మీద పనిచేసేది సగటు ఉష్ణోగ్రత ద్వారా కంటే, మేత మొక్క ఎండిపోయే తేదీకీ గొంగళిపురుగు ఎదిగే తేదీకీ మధ్య ఉండే కొద్ది రోజుల ఎడం ద్వారానే ఎక్కువ. సంరక్షణ పేరుతో చేసే ఏ పనినైనా ఆ ఎడాన్ని పెంచుతోందా, తగ్గిస్తోందా అన్న గీటురాయి మీద పరీక్షించాలి.

పురుగు, మొక్క, ఎండ

కాలిఫోర్నియా తీరప్రాంతపు కొండల్లో వానలు శీతాకాలంలో పడతాయి. వేసవి పూర్తిగా పొడిగా గడుస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో తొలి వానలు కురిశాక ప్లాంటాగో ఎరెక్టా అనే ఏకవార్షిక మొక్క మొలుస్తుంది. పలచటి నేలలో వేలెడంత ఎత్తు మాత్రమే పెరిగే, సన్నని ఆకుల మొక్క అది. వేసవి అంతా నేల పగుళ్లలో, రాళ్ల కింద నిద్రాణంగా ఉన్న గొంగళిపురుగులు ఆ వానలకు మేలుకుని బయటికి వస్తాయి. నల్లటి ఒంటి నిండా ముళ్లలాంటి నూగు ఉండే ఈ పురుగులు చలి ఉదయాల్లో ఎండ నేరుగా తగిలే చోటు వెతుక్కుని, కదలకుండా ఒళ్లు కాచుకుంటాయి. అలా కాచుకుని తమ శరీర ఉష్ణోగ్రతను చుట్టూ ఉన్న గాలికంటే 10 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఎక్కువకు తెచ్చుకోగలవు. ఒళ్లు వేడెక్కితేనే మేత అరుగుతుంది, ఎదుగుదల వేగం పుంజుకుంటుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఆ ఎదుగుదల మందగిస్తుంది.

ఎదిగిన పురుగు ప్యూపాగా మారి, వసంతంలో సీతాకోకచిలుకై బయటికి వస్తుంది. ఆ జీవితం ఏడాదికి ఒక్క తరమే, అదీ కొద్ది రోజులే. ఆడది ఆ రోజుల్లోనే మేత మొక్క మొదట్లో గుడ్లను గుత్తులుగా పెడుతుంది. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. గుడ్డులోంచి వచ్చిన చీమంత పురుగులు సన్నని పట్టుగూడు అల్లుకుని, గుంపుగా ఆ ఒక్క మొక్కనే తింటూ, వేసవి నిద్రకు సరిపడే పరిమాణానికి ఎదగాలి. ఆలోపు మొక్క ఎండిపోతే అవి చచ్చిపోతాయి, ఎందుకంటే ఆ వయసులో అవి నడిచి వెతుక్కోగల దూరం చాలా తక్కువ. మామూలు సంవత్సరాల్లో కూడా ఈ దశలో నూటికి తొంభైకి పైగా పురుగులు చనిపోతాయని సింగర్ 1970లలోనే గమనించాడు. కొన్ని చోట్ల ప్లాంటాగో ఎండిపోయాక కూడా మరికొంత కాలం పచ్చగా ఉండే కాస్టిలేజా జాతి మొక్కలు అందుబాటులో ఉంటాయి. అవి దగ్గరలో ఉన్న పురుగులు బతికి బయటపడతాయి.

అంటే మామూలు సంవత్సరంలోనే ఈ జాతి అంచు మీద నిలబడి ఉంటుంది. మొక్క వారం ముందు ఎండినా, లేక రెక్కల పురుగు వారం ఆలస్యంగా బయటికి వచ్చినా, ఆ ఏటి సంతానం దాదాపు తుడిచిపెట్టుకుపోవచ్చు. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే తరవాత జరిగినవన్నీ అర్థమవుతాయి.

రక్షిత ప్రాంతంలో అంతరించిన సమూహం

ఎర్లిక్ పని చేసిన జాస్పర్ రిడ్జ్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అధీనంలోని పరిశోధనా క్షేత్రం. అక్కడ ఇళ్లు కట్టలేదు, దుక్కి దున్నలేదు, పురుగుమందు చల్లలేదు. అక్కడ ఉండేది బే చెకర్‌స్పాట్ అనే ఉపజాతి. సీతాకోకచిలుకలకు రెక్కలున్నా అవి పుట్టిన చోటు విడిచి దూరం పోవడం చాలా అరుదని ఎర్లిక్ 1961లోనే చూపించాడు. పక్కపక్కనే ఉన్న సమూహాలు కూడా దాదాపు వేటికవే బతుకుతున్నట్టు తేలింది. ఈ సంగతి అప్పట్లో కుతూహలం కలిగించిన శాస్త్ర విషయం మాత్రమే. ఒక సమూహం పోతే పక్క నుంచి వచ్చి ఆ ఖాళీని నింపేవి తక్కువ అన్న దాని రెండో అర్థం తరవాత బయటపడింది.

1975 నుంచి 1977 దాకా కాలిఫోర్నియాను పట్టి పీడించిన కరువులో ఈ ఉపజాతికి చెందిన అనేక సమూహాలు అంతరించాయి. 1987లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పు పొంచి ఉన్న ఉపజాతిగా చట్టబద్ధంగా ప్రకటించింది. జాస్పర్ రిడ్జ్‌లో మిగిలిన రెండు సమూహాల్లో ఒకటి 1991లోనూ, రెండోది 1998లోనూ కనుమరుగయ్యాయి. మెక్‌లాఫ్లిన్, హెల్మన్, బాగ్స్, ఎర్లిక్ కలిసి 2002లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, 1970ల తొలి సంవత్సరాల నుంచి అక్కడ వానల్లో ఏటికేడాది ఒడుదొడుకులు పెరిగాయి, ఆ ఒడుదొడుకులే ఈ సమూహాల అంతాన్ని తొందరపెట్టాయి. వాన తక్కువైతే మొక్క ముందే ఎండుతుంది. వాన మరీ ఎక్కువైతే మబ్బుల వల్ల పురుగులకు ఎండ చాలక అవి ఆలస్యంగా ఎదుగుతాయి. రెండు వైపుల నుంచీ ఎడం తగ్గేదే గాని పెరిగేది కాదు.

రెండు సమూహాలూ ఒకే రక్షణలో ఉన్నా ఏడేళ్ల తేడాతో పోయాయన్నది గమనించదగ్గ విషయం. ముందు పోయిన చోట నేల తీరు ఎక్కువ భాగం ఒకే రకంగా ఉంది. తరవాత పోయిన చోట వాలులు కొంత వైవిధ్యంగా ఉన్నాయి, అక్కడ సంఖ్యలో ఎగుడుదిగుళ్లు కూడా తక్కువగా ఉండేవి. ఈ చిన్న తేడా నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

పార్మెసాన్ సర్వే: ‘లేదు’ అని ఎలా చెప్పాలి?

1990ల మొదట్లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న కమీల్ పార్మెసాన్ ఒక పెద్ద ప్రశ్న తీసుకుంది. జాస్పర్ రిడ్జ్ లాంటి ఒకటి రెండు చోట్ల జరుగుతున్నది ఈ జాతి విస్తరించిన ప్రాంతమంతటా జరుగుతోందా? జరుగుతుంటే అందులో ఏదైనా దిశ ఉందా? మ్యూజియంలలోని నమూనాల చీటీలు, పాత సేకరణకర్తల నోటుపుస్తకాలు, పరిశోధకుల రికార్డులు ఆధారంగా ఈ సీతాకోకచిలుక ఒకప్పుడు ఉన్నట్టు రుజువున్న చోట్లను గుర్తించి, వాటిని తిరిగి పరిశీలించింది. 1996లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం అలాంటి 151 సమూహాల మీద ఆధారపడింది.

వృత్తిరీత్యా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆమె పద్ధతి. ఒక చోట జీవి ఉందని చెప్పడానికి ఒక్కటి కనిపిస్తే చాలు. లేదని చెప్పాలంటే సరైన కాలంలో వెళ్లాలి, మేత మొక్కలను ఒక్కొక్కటిగా వంగి చూడాలి, గుడ్ల గుత్తులు, పట్టుగూళ్లు, పురుగు కొరికిన ఆకుల గుర్తులు ఏవీ లేవని తేల్చుకోవాలి. దీని గొంగళిపురుగులు గుంపుగా బతకడం, తిన్నచోట ఆనవాలు వదలడం ఈ పనికి కలిసొచ్చాయి. అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. ఇళ్లు కట్టడం వల్లనో, మేత మొక్కలు పోవడం వల్లనో ఆవాసమే చెడిపోయిన స్థలాలను ఆమె లెక్కలోంచి తీసేసింది. మొక్కలు ఉండి, నేల చెక్కుచెదరకుండా ఉండి, సీతాకోకచిలుక మాత్రమే లేని చోట్లనే ‘అంతరించింది’ అని లెక్కపెట్టింది. ఈ వడపోత లేకపోతే వాతావరణం పాత్రనూ బుల్డోజర్ పాత్రనూ వేరుచేయడం సాధ్యం కాదు.

అలా వడపోశాక స్పష్టమైన దిశ కనిపించింది. దక్షిణ చివర మెక్సికోలో అంతరించిన సమూహాల నిష్పత్తి, ఉత్తర చివర కెనడాలోని నిష్పత్తికి నాలుగు రెట్లు ఉంది. సుమారు 2,400 మీటర్లకు పైన ఉన్న సమూహాలు, కింద ఉన్నవాటికంటే బాగా నిలదొక్కుకున్నాయి. మిగిలిన సమూహాల సగటు స్థానం పాతదానితో పోలిస్తే 92 కిలోమీటర్లు ఉత్తరానికి, 124 మీటర్లు పైకి జరిగింది.

ఈ అంకెలను చదివేవారు తరచూ ఒక పొరపాటు అర్థం తీసుకుంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. సీతాకోకచిలుకలు ఎగురుకుంటూ 92 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లాయని దీని అర్థం కాదు. పుట్టిన చోటు వదలని జాతి ఇది. దక్షిణానా, పల్లపు ప్రాంతాల్లోనూ ఎక్కువ సమూహాలు చనిపోవడం వల్ల మిగిలినవాటి సగటు పైకి జరిగింది. మ్యాపు మీద కదలికగా కనిపించేది నేల మీద మరణం. ‘జాతులు చల్లటి చోట్లకు సర్దుకుపోతున్నాయి’ అని తేలికగా రాసే నివేదికలను చూసినప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తుచేయాలనిపిస్తుంది. కొన్ని జాతుల్లో నిజంగానే కొత్త చోట్లకు చేరడం జరుగుతోంది. పార్మెసాన్ తదితరులు 1999లో ఐరోపాలోని 35 వలసపోని సీతాకోకచిలుక జాతులను పరిశీలించినప్పుడు, వాటిలో 63 శాతం తమ పరిధిని 35 నుంచి 240 కిలోమీటర్ల మేర ఉత్తరానికి జరుపుకున్నట్టు తేలింది. 2003లో ఆమె, గ్యారీ యోహీ కలిసి 1,700కు పైగా జాతుల సమాచారాన్ని క్రోడీకరించి, పరిధులు సగటున దశాబ్దానికి 6.1 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతున్నాయనీ, పూత, గుడ్లు పెట్టడం వంటి వసంతకాలపు ఘటనలు దశాబ్దానికి 2.3 రోజుల చొప్పున ముందే జరుగుతున్నాయనీ చూపించారు. అయితే ఆ సగటులో చేరుకోగలిగినవీ, చేరుకోలేక నశించినవీ కలగలిసి ఉంటాయి. సంరక్షణకు ఈ రెండింటికీ వేర్వేరు వైద్యం కావాలి.

సియెరా నెవాడా పర్వతాల్లోని రాబిట్ మెడో అనే చోట జరిగింది ఈ మరణాల తీరును దగ్గరగా చూపిస్తుంది. చెట్లు నరికిన ఖాళీ జాగాల్లో కాలిన్సియా అనే మొక్క మీద అక్కడి సీతాకోకచిలుకలు బాగా వృద్ధి చెందాయి. 1989లో మంచు తక్కువగా పడటంతో అవి మామూలుకంటే చాలా ముందే బయటికి వచ్చాయి, అప్పటికి తేనె ఇచ్చే పూలు ఇంకా పూయలేదు. మరుసటి ఏడాది కూడా ముందే వచ్చి, ఆ కాలానికి మామూలుగా పడే మంచు తుపానులో చిక్కుకున్నాయి. 1992 జూన్‌లో ఉష్ణోగ్రత ఒక్కసారిగా సున్నాకు అయిదు డిగ్రీలు దిగువకు పడిపోయింది. సీతాకోకచిలుకలు బతికాయి గాని కాలిన్సియా మొక్కలు దాదాపు అన్నీ చనిపోయాయి, వాటిని నమ్ముకున్న పురుగులకు తిండి లేకుండా పోయింది. మూడు ఘటనల్లోనూ వేడి నేరుగా ఏ ప్రాణినీ చంపలేదు. కీటకం గడియారం, మొక్క గడియారం, మంచు గడియారం ఒకదానితో ఒకటి కలవకపోవడమే చంపింది.

కొయోటీ రిడ్జ్: వాలు, ఆవు, కారు

ఇక ఆచరణకు సంబంధించి నాకు అత్యంత విలువైన భాగం ఇది. శాన్ హోసే నగరానికి దక్షిణాన ఉన్న కొయోటీ రిడ్జ్ మీద బే చెకర్‌స్పాట్ ఇప్పటికీ పెద్ద సంఖ్యలో బతికి ఉంది. జాస్పర్ రిడ్జ్‌లో పోయినది ఇక్కడ ఎందుకు మిగిలింది?

మొదటి కారణం వాలుల వైవిధ్యం. వైస్, మర్ఫీ, వైట్ 1988లో చూపినట్టు, ఎండ ఎక్కువ తగిలే దక్షిణపు వాలు మీద పురుగులు త్వరగా ఎదిగి, చల్లటి ఉత్తరపు వాలు మీదివాటికంటే వారాల ముందే రెక్కలు తెచ్చుకుంటాయి. అదే ఉత్తరపు వాలు మీద మేత మొక్క ఆలస్యంగా ఎండుతుంది. కాబట్టి తొందరగా వచ్చిన ఆడది చల్లటి వాలు మీద గుడ్లు పెడితే ఆ పురుగులకు ఎక్కువ రోజుల మేత దొరుకుతుంది. వానలు బాగా పడిన ఏడాది వెచ్చటి వాలులు ఉపయోగపడతాయి, కరువు ఏడాది చల్లటి వాలులు ఆదుకుంటాయి. ఏ ఏడాది ఎలా ఉంటుందో ముందే తెలియదు గనుక రెండూ ఒకే కొండ మీద, పురుగు గాని రెక్కల పురుగు గాని చేరగల దూరంలో ఉండాలి. కొయోటీ రిడ్జ్‌లో అవి ఉన్నాయి, విస్తీర్ణం కూడా పెద్దది. జాస్పర్ రిడ్జ్‌లో చివరి సమూహం ఏడేళ్లు ఎక్కువ నిలవడంలో ఇదే సూత్రం చిన్న స్థాయిలో పనిచేసిందని నేను భావిస్తున్నాను.

రెండో కారణం చాలామంది సంరక్షకులకు రుచించనిది. అక్కడ పశువులు మేస్తాయి. ఈ కొండల నేల సర్పెంటైన్ శిల నుంచి ఏర్పడింది. అందులో నత్రజని చాలా తక్కువ, మెగ్నీషియం ఎక్కువ, నికెల్ వంటి లోహాలు ఉంటాయి. బయటి నుంచి వచ్చిన ఏపు గడ్డి జాతులు అలాంటి పేద నేలలో పెరగలేవు గనుకే ప్లాంటాగో లాంటి స్థానిక చిన్న మొక్కలు అక్కడ బతికి బట్టకట్టాయి. అయితే వాహనాల పొగలోని నత్రజని సమ్మేళనాలు గాలి ద్వారా వచ్చి ఆ నేల మీద పేరుకుంటాయి. శాన్ హోసే పరిసరాల్లో ఆ మోతాదు హెక్టారుకు ఏడాదికి 10 నుంచి 15 కిలోల దాకా ఉంటుందని వైస్ 1999లో అంచనా వేశాడు. అది రైతు ఎవరూ చల్లని ఎరువు. దాంతో రైగ్రాస్ అనే గడ్డి ఏపుగా పెరిగి ప్లాంటాగోను మింగేస్తుంది. ఆవులు ఆ గడ్డిని మేసి పొట్టిగా ఉంచినంతకాలం చిన్న మొక్కలకు ఎండ తగులుతుంది. ప్రకృతిని దాని మానాన వదిలేద్దామన్న ఉద్దేశంతో మేతను ఆపిన చోట్ల సీతాకోకచిలుకల సంఖ్య కొద్ది సంవత్సరాల్లోనే కుప్పకూలింది. మంచి ఉద్దేశంతో వేసిన కంచె ఇలాంటి ఫలితాన్ని ఇవ్వడం నాకు ఎప్పుడు చదివినా బాధ కలిగించే విషయమే.

కారు పొగ, గడ్డి, ఆవు అన్న ఈ గొలుసును వాతావరణ మార్పుతో కలిపి చూడాలి. గడ్డి దట్టమైతే నేల మీద నీడ పెరుగుతుంది, పురుగుకు ఎండ తగ్గుతుంది, ఎదుగుదల ఆలస్యమవుతుంది, మేత మొక్కల సంఖ్యా పడిపోతుంది. కరువు వచ్చి తగ్గించే ఎడాన్నే గడ్డి మరో వైపు నుంచి తగ్గిస్తోంది. వానల ఒడుదొడుకులను ఆపడం ఏ స్థానిక సంరక్షకుడి చేతిలోనూ లేదు. గడ్డిని పొట్టిగా ఉంచడం మాత్రం చేతిలో ఉంది.

శాన్ మటేయో కౌంటీలోని ఎడ్జ్‌వుడ్ పార్కు అనుభవం దీనికి తోడు. పెద్ద రహదారి పక్కనే ఉన్న ఈ పార్కులో బే చెకర్‌స్పాట్ ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అంతరించింది. 2007 నుంచి కొయోటీ రిడ్జ్ గొంగళిపురుగులను తెచ్చి అక్కడ వదలడం మొదలుపెట్టారు. అక్కడ పశువుల మేతకు బదులు తగిన కాలంలో గడ్డిని యంత్రంతో కోస్తారు. పురుగులను తెచ్చి వదలడం ఒక్కసారితో అయిపోయిన పని కాలేదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చేయవలసి వచ్చింది. పునఃప్రవేశం అనగానే ఒక ప్రారంభోత్సవం, ఒక ఫొటో ఊహించుకునే నిధుల సంస్థలకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

పశువుల మేత వల్ల అంతా మేలే జరుగుతుందన్న నిర్ణయానికి కూడా రాకూడదు. నెవాడాలోని కార్సన్ సిటీ దగ్గర ఒక పచ్చిక మైదానంలో పశుపోషకుల రాకతో ఐరోపా నుంచి వచ్చిన మరో ప్లాంటాగో జాతి నాటుకుంది. అది వేసవిలో కూడా పచ్చగా ఉంటుంది. గొంగళిపురుగులకు తేదీల బెంగ తీరింది. ఆ సీతాకోకచిలుకలు కొన్ని దశాబ్దాల్లోనే జన్యుపరంగా మారి పాత స్థానిక మొక్కను పూర్తిగా వదిలేసి, కొత్తదాని మీదే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. తరవాత పశువుల పెంపకం ఆగింది. గడ్డి పెరిగి ఆ మొక్కలను కప్పేసింది, నీడలో నేల చల్లబడింది, సమూహం మొత్తం పోయింది. కొన్నేళ్ల తరవాత అక్కడికి తిరిగి వచ్చి స్థిరపడినవి పాత స్థానిక మొక్కను తినే సీతాకోకచిలుకలే. సింగర్, పార్మెసాన్ 2018లో నేచర్‌లో ఈ ఉదంతాన్ని వివరించారు. మనిషి చేసే నిర్వహణ మీద ఒక జాతి పూర్తిగా ఆధారపడేలా మారితే, ఆ నిర్వహణను ఆపడం కూడా ఒక విపత్తే అవుతుంది. కాబట్టి మేతను ప్రణాళికలో చేర్చేటప్పుడు అది ఎవరి డబ్బుతో, ఎన్నేళ్లు సాగుతుందో, పశుపోషకుడు మానేస్తే ఎవరు చేస్తారో కూడా అందులోనే రాయించడం నాకు అలవాటైంది.

క్వినో: పైకి పోయే దారి

దక్షిణ కాలిఫోర్నియాలోనూ బాహా కాలిఫోర్నియా ఉత్తర భాగంలోనూ ఉండే ఉపజాతి పేరు క్వినో. ఒకప్పుడు లాస్ ఏంజెలిస్, ఆరెంజ్ కౌంటీల్లో కూడా ఉండేది. ఇప్పుడు అమెరికా వైపు ప్రధానంగా రివర్‌సైడ్, శాన్ డియేగో కౌంటీల్లో మిగిలింది. 1997లో దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న ఉపజాతిగా ప్రకటించారు. 2003లో వెలువడిన పునరుద్ధరణ ప్రణాళికలో వాతావరణ మార్పును కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఒక జాతికి వాతావరణ మార్పు ఇప్పటికే ఉన్న ముప్పు అని అధికారిక ప్రణాళికలో గుర్తించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

ఇక్కడి సమస్య రెండు వైపుల ఒత్తిడి. దక్షిణం నుంచి వేడి, పొడితనం పెరుగుతున్నాయి. ఉత్తరాన, తీరం వైపున నగరాలు గోడ కట్టినట్టు ఉన్నాయి. పుట్టిన చోటు వదలని కీటకం లాస్ ఏంజెలిస్ మహానగరాన్ని దాటి ఉత్తరానికి చేరుతుందని ఎవరూ ఆశించలేరు. మిగిలిన దారి తూర్పున ఉన్న కొండల మీదికే. అందుకే సంరక్షణకు భూమిని ఎంపిక చేసేటప్పుడు అప్పటికి సీతాకోకచిలుక ఉన్న చోట్లతో పాటు, వాటి పక్కనే ఉన్న ఎత్తయిన ప్రాంతాలను కూడా చూడాలన్న వాదన బలపడింది.

తరవాత ఊహించనిది జరిగింది. క్వినో నిజంగానే పై ఎత్తులకు చేరి, అక్కడ దొరికే కాలిన్సియా జాతి మొక్కను మేత మొక్కగా స్వీకరించిందని పార్మెసాన్ బృందం 2015లో నివేదించింది. ఎత్తు పెరిగితే మేత మొక్క దొరకదు కాబట్టి ఇది పైకి పోలేదన్న అంచనా ఉండేది. ఆ అంచనాను కీటకమే తోసిపుచ్చింది. ఇది సంతోషించవలసిన విషయం. కాని ఆ పరిశోధకులు తమ సంతోషాన్ని అదుపులోనే ఉంచుకున్నారు, అది సబబు కూడా. ఇది స్వల్పకాలిక విజయం మాత్రమే, దీర్ఘకాలంలో ముప్పు అలాగే ఉంది. కొండకు శిఖరం ఉంటుంది. పైకి పోయేకొద్దీ నేల విస్తీర్ణం తగ్గిపోతుంది.

అప్పుడు మనుషులే వీటిని ఉత్తరానికి తరలించాలా అన్న ప్రశ్న వస్తుంది. పార్మెసాన్ సహరచయితగా ఉన్న 2008 నాటి సైన్స్ పత్రిక వ్యాసంలో, ఇలాంటి తరలింపును ఏ పరిస్థితుల్లో పరిశీలించవచ్చో నిర్ణయించే వరుసక్రమం ఒకటి సూచించారు. జాతి నిజంగా ప్రమాదంలో ఉందా, తరలింపు సాంకేతికంగా సాధ్యమా, కొత్త చోట దానివల్ల కలిగే మేలు నష్టాన్ని మించుతుందా అన్న ప్రశ్నలకు వరుసగా అవునన్న సమాధానం వస్తేనే ముందుకు పోవాలి. క్వినో విషయంలో నా అభిప్రాయం ఇది. సొంతంగా పైకి పోతున్న దారిని తెరిచి ఉంచడానికి ముందు డబ్బు పెట్టాలి. ఆ దారిలోని భూమి ఇళ్ల స్థలాలుగా మారిపోయాక తరలింపు గురించి చర్చించడం, పోగొట్టుకున్నదాన్ని పదిరెట్ల ఖర్చుతో తిరిగి కొనుక్కోవడమే అవుతుంది.

కారణం ఎంత శాతం అన్న వాదన

ప్రతి సమీక్షా సమావేశంలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఉంది: ఈ సమూహం పోవడంలో వాతావరణ మార్పు వాటా ఎంత, పట్టణీకరణ వాటా ఎంత? ఆ ప్రశ్నకు సమాధానం తేలేదాకా నిధులు ఆగడం కూడా చూశాను. పార్మెసాన్, మరికొందరు పరిశోధకులు 2011లో దీని మీదే ఒక గట్టి వాదన చేశారు. ప్రపంచస్థాయిలో వేలాది జాతుల సమాచారాన్ని కలిపినప్పుడు వాతావరణ మార్పు ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. కాని ఒక్కొక్క స్థానిక సమూహం అంతరించడంలో ఎంత శాతం హరితగృహ వాయువులది అని విడదీయడానికి శ్రమ పడటం సంరక్షణకు పెద్దగా ఉపయోగపడదు. ఎందుకంటే ఆ కారణాలు విడివిడిగా పనిచేయడం లేదు. ఈ కేసులో చూసినట్టు నగరం, నత్రజని, గడ్డి, కరువు అన్నీ ఒకే ఎడం మీద పడుతున్నాయి. వాటిలో చేతికి అందేదాన్ని సరిచేసినా, అందని దానిని తట్టుకునే శక్తి పెరుగుతుంది. నేను ఈ వాదనతో పూర్తిగా ఏకీభవిస్తాను.

దీన్నిబట్టి నేను సమీక్షించే ప్రణాళికల్లో కొన్ని విషయాల కోసం వెతుకుతాను. సంరక్షిత స్థలం విస్తీర్ణం ఎంత అన్నదానితో పాటు, అందులో ఎండ వాలులు ఎన్ని, నీడ వాలులు ఎన్ని, అవి ఒకదానికొకటి ఎంత దూరం అన్నది ఉందా? ప్రధాన మేత మొక్కతో పాటు ఆలస్యంగా ఎండే రెండో మొక్క ఎక్కడెక్కడ ఉందో గుర్తించారా? జీవి ప్రస్తుతం లేని, కాని ఆవాసం బాగున్న చోట్లను కొట్టివేశారా, అట్టిపెట్టారా? వాటిని అట్టిపెట్టమనే నేను ఎప్పుడూ కోరతాను. కార్సన్ సిటీ మైదానానికి సీతాకోకచిలుకలు తిరిగి వచ్చినప్పుడు వాటికోసం స్థానిక మొక్క అక్కడ సిద్ధంగా ఉంది గనుకే ఆ రాక సాధ్యమైంది.

పర్యవేక్షణ పట్టికలో ఏటా సీతాకోకచిలుకల సంఖ్య ఒక్కటే నమోదు చేసే అలవాటును మార్చమని కూడా అడుగుతాను. సంఖ్య పడిపోయినట్టు తెలిసేసరికి ఒకటి రెండు తరాలు గడిచిపోయి ఉంటాయి. దానికి బదులు ప్రతి వాలు మీదా కొన్ని గడులు గుర్తుపెట్టి, ఆ గడిలో మేత మొక్కల్లో సగం ఎండిపోయిన తేదీ, మొదటి రెక్కల పురుగు కనిపించిన తేదీ, గుడ్ల గుత్తులు కనిపించిన తేదీ, గడ్డి ఎత్తు రాసిపెట్టాలి. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, వసంతకాలంలో వారానికి రెండుసార్లు వెళ్లి వంగి చూసే ఓపికగల మనిషి కావాలి. ఆ తేదీల మధ్య ఎడం వరసగా రెండేళ్లు కుంచించుకుపోయిన వాలు ఏదో తెలిస్తే, మూడో ఏడాది పశువుల మేతను ఎక్కడ పెంచాలో, గడ్డిని ఎక్కడ ముందుగా కోయించాలో, కొత్తగా ఏ ఉత్తరపు వాలును రక్షణలోకి తీసుకోవాలో నిర్ణయించడానికి ఇంకా సమయం ఉంటుంది.